హిందూ మహాసముద్రం గురించి పిల్లలకు ఒక్క ముక్కలో ఏం చెప్పాలి?

మీరు అడిగినవి మూడు. పసిఫిక్ అంటే పెద్దది, అట్లాంటిక్ అంటే నడుమ పర్వతశ్రేణి అని క్లాసులో చెప్పేస్తున్నాం, హిందూ మహాసముద్రానికి అలాంటి ముక్క ఏమిటని మొదటిది. దాని అడుగు చదునుగా ఉంటుందా అని రెండోది. అన్నిటికన్నా లోతైన చోటు ఒక పుస్తకంలో జావా అగాధం, ఇంకో పుస్తకంలో డయమంటీనా అని ఉంది, పిల్లలచేత ఏది రాయించాలి అని మూడోది. నేను సరుకు ఓడల్లో ఇరవై ఏడేళ్లు పనిచేశాను, చివరి పదేళ్లు కెప్టెన్‌గా. అందులో సగానికి పైగా ఈ నీళ్ల మీదే గడిచింది. శాస్త్రవేత్తను కాను గానీ, ఛార్టుల ముందు నిలబడి నిలబడి దీని తీరు కొంత ఒంటబట్టింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదటిదానికి జవాబు: ఉత్తరాన దారి లేని సముద్రం. అంతే, అదే ఆ ముక్క.

అట్లాంటిక్‌లో ఉత్తరానికి పోతూ ఉంటే మంచు సముద్రం దాకా వెళ్లొచ్చు. పసిఫిక్‌లో బేరింగ్ జలసంధి వరకూ పోవచ్చు. హిందూ మహాసముద్రంలో మాత్రం కర్కాటకరేఖ దాటి కాస్త పోయేసరికి నేల అడ్డొస్తుంది. పర్షియన్ సింధుశాఖ కొస పట్టుకున్నా 30 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి మించదు. ఆ పైన మొత్తం ఆసియా, దాని నడుమ హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. దక్షిణాన చూస్తే అడ్డూ ఆపూ లేదు, అంటార్కిటికా దాకా నీళ్లే. పైన మూత బిగించి, అడుగు తీసేసిన కుండ అనుకోండి. మొత్తం వైశాల్యం సుమారు 7 కోట్ల చదరపు కిలోమీటర్లు, మహాసముద్రాల్లో మూడోది. ఈ అంకెలు పుస్తకాల్లో ఉన్నవే కాబట్టి వదిలేద్దాం. ఆ మూత వల్ల ఏమేం జరుగుతాయో చూద్దాం.

అన్నిటికన్నా ముందు గాలి. ఎండాకాలంలో నేల నీటికన్నా తొందరగా వేడెక్కుతుంది. సముద్రానికి ఉత్తరాన అంత పెద్ద నేల ఉండేసరికి గాలి దక్షిణం నుంచి అటు పరిగెడుతుంది. చలికాలంలో నేల చల్లబడి గాలి వెనక్కి తిరుగుతుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు మనకు కొత్తేం కాదు. అయితే గాలి తిరిగితే దాని కింద సముద్ర ప్రవాహం కూడా తిరుగుతుందన్న సంగతి క్లాసుల్లో ఎందుకో గట్టిగా చెప్పరు. గల్ఫ్ స్ట్రీమ్ ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు పోతుంది. జపాన్ పక్కన కురోషియో కూడా అంతే. సోమాలియా ఒడ్డున ఉన్న ప్రవాహం మాత్రం వేసవిలో ఈశాన్యానికి, చలికాలంలో నైరుతికి పారుతుంది. ఇంత పెద్ద ప్రవాహం ఏడాదికి రెండుసార్లు వెనక్కి తిరగడం ఇక్కడే చూస్తాం. పైగా వేసవిలో దాని జోరు ఆరేడు నాట్ల దాకా పోయిన సందర్భాలు నమోదయ్యాయి, అంటే గంటకు పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్లు.

దాని రుచి నాకు థర్డ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడే తెలిసింది. జూలైలో ఏడెన్ సింధుశాఖ నుంచి బయటపడి, ఆఫ్రికా కొమ్ము చుట్టి మొంబాసా వైపు దిగుతున్నాం. నీళ్లలో ఓడ ఎంత జోరుగా పోతోందో చూపే లాగ్‌లో వేగం 13 నాట్లు. ఛార్టు మీద పొజిషన్లు వేసి చూస్తే ముందుకు జరిగింది గంటకు ఎనిమిదే. తక్కిన అయిదు నాట్లూ ఎదురు ప్రవాహం మింగేసింది. ఆ టెన్షన్‌లో ఉండగా ఇంజిన్ రూము నుంచి ఫోను. "సార్, సముద్రపు నీళ్ల వేడి చూపే గేజీ పాడైనట్టుంది, పొద్దున 28 డిగ్రీలు చూపించింది, ఇప్పుడు 20 చూపిస్తోంది" అని. గేజీ మార్చారు. అదే అంకె. చివరికి బకెట్ తాడుకు కట్టి నీళ్లు తోడి థర్మామీటర్ ముంచితే నిజంగానే 20. మేమున్నది భూమధ్యరేఖకు పది డిగ్రీల పైన, నడి వేసవిలో. డెక్ మీద రైలింగులన్నీ చెమ్మ పట్టి చేతికి జిల్లుమంటున్నాయి, నీళ్లు నీలం పోయి ఆకుపచ్చగా మారాయి.

జరిగిందేమిటంటే, గాలి ఒడ్డు వెంబడే జోరుగా వీస్తోంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపుకు, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోతుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. ఆ నీళ్లతోబాటు అడుగున పేరుకున్న పోషకాలూ వస్తాయి. వెలుతురు తగలగానే సూక్ష్మమైన మొక్కలు విరగబెరుగుతాయి. ఆకుపచ్చ రంగు వాటిదే. ఒమాన్ ఒడ్డునా ఇదే వరస. చేపలు పుష్కలంగా దొరికేదీ ఇందుకే.

ఇక్కడే మూత దెబ్బ ఇంకోటి ఉంది. పైన అంత పెరిగిన జీవరాశి చచ్చి కిందికి జారుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తినేస్తుంది. అట్లాంటిక్‌లోనైతే బాగా ఉత్తరాన, గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల చల్లబడిన, ఆక్సిజన్ నిండిన నీరు మునిగి లోతుల్ని నింపుతూ ఉంటుంది. ఇక్కడ ఉత్తరాన అలాంటి చోటే లేదు. దక్షిణం నుంచి రావాలి, వచ్చేసరికి దాని సత్తా అయిపోతుంది. అందుకని అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల నుంచి 1,000 మీటర్ల దాకా ఆక్సిజన్ దాదాపు లేని పొర ఒకటి పరుచుకుని ఉంది. ప్రపంచంలో ఇలాంటివాటిలో బాగా దట్టమైనవాటిలో అదొకటి. 1933-34లో మబాహిస్ అనే ఈజిప్టు ఓడ మీద జరిగిన జాన్ ముర్రే యాత్ర ఈ పొర సంగతి చెప్పింది. పైన చేపల సంబరం, కింద ఊపిరాడని చీకటి. ఒకే గాలి రెండూ చేసింది.

ఇప్పుడు బంగాళాఖాతం. మూత ఒకటే, కానీ నడుమ భారత ద్వీపకల్పం దిగి ఆ నీటిని రెండు చేసింది. రెండూ పక్కపక్కనే ఉన్నా పొత్తు కుదరదు. అరేబియా సముద్రం మీద ఆవిరి ఎక్కువ, నదులు తక్కువ, పైగా ఎర్రసముద్రం, పర్షియన్ సింధుశాఖల నుంచి ఉప్పు నీరు అదనంగా వచ్చి చేరుతుంది. ఉప్పదనం వెయ్యికి 36 దాకా ఉంటుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడతాయి, ఆపైన వాన. వానాకాలం వెళ్లాక ఉత్తర భాగంలో అది 30 కన్నా కిందికి దిగుతుంది.

పిల్లలకు ఇది చూపించే సులువైన మార్గం మా ఓడల్లో రోజువారీ పనే. ఓడ పక్కకు లోడ్‌లైన్ గుర్తు వేసి ఉంటుంది, సరుకు ఎక్కువై అది మునగకూడదు. నీటి సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో మామూలు సముద్రపు నీరు 1025 చూపిస్తుంది. సెప్టెంబరులో హుగ్లీ నది నోటి దగ్గర లంగరు వేసినప్పుడు ఒక కుర్ర క్యాడెట్ బకెట్‌తో నీళ్లు తోడి హైడ్రోమీటర్ వదిలాడు. 1015 దగ్గర ఆగింది. వాడు తప్పు చదివాననుకుని మళ్లీ మళ్లీ తోడాడు. తప్పేం లేదు, నీళ్లలో ఉప్పు తక్కువ. బరువు మారకపోయినా ఆ నీళ్లలో మా ఓడ పది సెంటీమీటర్లు ఎక్కువ మునిగింది. కోడిగుడ్డును ఉప్పునీళ్లలో, మంచినీళ్లలో వేసి చూపిస్తారే, అదే సంగతి. కాకపోతే గుడ్డు ఇక్కడ నలభై వేల టన్నులు.

తేలికైన ఈ మంచినీటి పొర పైన తేలుతూ, కింది చల్లటి నీళ్లతో కలవనివ్వకుండా అడ్డుపడుతుంది. దాంతో పైన వేడి పైనే ఉండిపోతుంది. తుపానుకు కావలసింది ఆ వేడే. మామూలుగా తుపాను గాలి నీళ్లను చిలికి కింది చల్లదనాన్ని పైకి తెచ్చుకుని తనంతట తానే నీరసపడుతుంది. బంగాళాఖాతంలో ఆ పొర వల్ల చిలకడం అంత సులువు కాదు. అరేబియా సముద్రం కన్నా ఇక్కడ తుపానులు ఎక్కువ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పసిఫిక్ వైపు నుంచి అల్పపీడనాలు దాటి రావడం ఇంకోటి.

భూమధ్యరేఖ దగ్గర సంగతి క్లుప్తంగా. పసిఫిక్, అట్లాంటిక్‌లలో అక్కడ తూర్పు నుంచి పడమరకు వ్యాపార పవనాలు స్థిరంగా వీస్తాయి. హిందూ మహాసముద్రంలో అలా కాదు. ఋతుపవనాలు మారే రెండు సందుల్లో, ఏప్రిల్-మేలలోనూ అక్టోబరు-నవంబరులోనూ, పడమటి గాలి వీచి నీటిని తూర్పుకు తోస్తుంది. అందుకే వేడి నీరు మామూలుగా సుమత్రా వైపు పోగవుతుంది. కొన్నేళ్లలో ఇది తలకిందులై పడమర వేడెక్కి తూర్పు చల్లబడుతుంది. 1999లో శాస్త్రవేత్తలు దీనికి హిందూ మహాసముద్ర డైపోల్ అని పేరు పెట్టారు. 2019లో ఇది బాగా తీవ్రంగా వచ్చింది, తూర్పు ఆఫ్రికాలో వరదలు, ఆస్ట్రేలియాలో కరువు, కార్చిచ్చులు. వార్తల్లో ఎప్పుడూ ఎల్‌నినోదే హడావిడి, దీని మాట తక్కువ. నా మటుకు ఈ డైపోల్ పాఠం కూడా ఎల్‌నినో పక్కనే ఉండాలి.

రెండో ప్రశ్న: అడుగు చదునా? చదును ముక్కలు ఉన్నాయి. మొత్తంగా చూస్తే మాత్రం మూడు మహాసముద్రాల్లో ఇదే గజిబిజి. మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ వేసిన అడుగు పటం 1967లో వెలువడింది. వీలైతే దాని బొమ్మ సంపాదించి గోడకు తగిలించండి, మీరు చెప్పాల్సినవి సగం అదే చెబుతుంది. అట్లాంటిక్‌లో రిడ్జ్, అంటే భూమి పైపెంకు పలకలు విడిపోయే చోట నీళ్ల అడుగున లేచిన పర్వతశ్రేణి, వెన్నెముకలా ఒకటే. ఇక్కడ అది తలకిందులుగా రాసిన ఇంగ్లీషు వై అక్షరం. ఒక కాలు ఆఫ్రికా కిందుగా నైరుతికి, ఇంకో కాలు ఆస్ట్రేలియా కిందుగా ఆగ్నేయానికి, కొమ్మ పైకి ఏడెన్ సింధుశాఖ వైపు. మూడూ కలిసేది మారిషస్‌కు తూర్పున ఉన్న రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయంగా. నైరుతి కాలు ఏడాదికి ఒకటిన్నర సెంటీమీటరు కూడా విడిపోదు, ఆగ్నేయ కాలు ఆరేడు సెంటీమీటర్లు విడిపోతుంది. పై కొమ్మలో ఉత్తర భాగానికి కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అని పేరు. ఏ శాస్త్రవేత్త పేరో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే డెన్మార్క్ బీరు కంపెనీ పేరు, ఆ రిడ్జ్‌ను కనిపెట్టిన యాత్రకు వాళ్ల ఫౌండేషన్ డబ్బిచ్చిందట.

మూడు కాళ్లు కలిసే చోటికి దగ్గర్లో, సుమారు 2,400 మీటర్ల లోతున, కైరే అనే వేడినీటి బుగ్గల గుంపు ఉంది. అక్కడ 2001లో ఒక నత్త దొరికింది. దాని కాలి నిండా ఇనుప సల్ఫైడు పూసిన పొలుసులు, గుల్ల పైపొర కూడా అదే. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది! పిల్లలు డైపోల్ మర్చిపోయినా ఈ నత్తను మర్చిపోరు, చెప్పి చూడండి.

ఇక తొంభై తూర్పు రిడ్జ్. పటంలో 90 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద స్కేలు పెట్టి గీసినట్టు, ఉత్తర దక్షిణాలుగా దాదాపు 5,000 కిలోమీటర్ల పొడుగున సముద్రంలో మునిగిన కొండల వరస. ప్రకృతిలో ఇంత తిన్నని గీత మరోటి నేను చూడలేదు. దీని కథ ఇది: అంటార్కిటికా వైపు కెర్గ్యూలెన్ దీవుల దగ్గర భూమి లోపలి నుంచి వేడి శిలాద్రవం ఎగదన్నే చోటు ఒకటుంది. దాని మీదుగా భారత పలక ఉత్తరానికి జారుతూ పోయింది. కదిలే గుడ్డ కింద కొవ్వొత్తి పెడితే మసి చార పడుతుందే, అలా పడిన చార ఇది. అందుకే దాని ఉత్తర కొసన రాళ్ల వయసు ఎనిమిది కోట్ల ఏళ్లకు దగ్గర, దక్షిణ కొసన నాలుగు కోట్ల పైచిలుకు. ఇలాంటిదే పడమర ఇంకోటి ఉంది. దక్కన్ లావా పీఠభూమి, లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్, మారిషస్, చివర ఇప్పటికీ అగ్నిపర్వతం రగులుతున్న రియూనియన్. ఇవన్నీ ఒకే పొయ్యి మీద వండినవే, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి నుంచి. నడుమ ఆ పొయ్యి మీదుగా రిడ్జ్ జరిగిపోవడంతో చార రెండు ముక్కలై, చాగోస్ ఒక పలక మీద, మారిషస్ ఇంకో పలక మీద మిగిలాయి.

మొదట మూత అన్నానే, దాన్ని బిగించింది ఎవరో ఈ చారలే చెబుతున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి విడిపోయిన భారత భూభాగం, 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్‌ను వదిలి, ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ఉరుకుతూ వచ్చి 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. నడుమ ఉన్న టెథిస్ సముద్రం ఆసియా కిందికి దిగిపోయింది. హిమాలయాలు లేచాయి. లేచినవాటిని వాన కడిగి మళ్లీ సముద్రంలోకే పంపిస్తోంది. గంగా బ్రహ్మపుత్రలు ఏడాదికి వంద కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొస్తాయి. అదంతా బంగాళాఖాతం అడుగున విసనకర్రలా పరుచుకుని, భూమధ్యరేఖ కూడా దాటి, 3,000 కిలోమీటర్ల పొడుగున ఉంది. కొన్నిచోట్ల మందం 16 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంత పెద్ద ఒండ్రు మేట ఇంకోటి లేదు. తొంభై తూర్పు రిడ్జ్ ఉత్తర కొస కూడా దీని కిందే పూడిపోయింది. మీరు చదునా అని అడిగారు కదా, చదునుగా కనిపించేది ఇదే, అంటే హిమాలయాల పొడి.

ఇంకో వింత చెప్పి దక్షిణానికి వెళ్తాను. శ్రీలంకకు దక్షిణాన గురుత్వాకర్షణ తక్కువగా ఉండి, అలలూ పోటూ తీసేసి లెక్కేస్తే సముద్రమట్టం ఉండాల్సినదానికన్నా వంద మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆ గుంట మీదుగా నేను ఎన్నిసార్లు వెళ్లానో. వందల కిలోమీటర్ల మేర మెల్లగా వాలి ఉంటుంది కాబట్టి ఓడకు ఏమీ తెలియదు.

దక్షిణాన దారి తెరిచి ఉండడం వల్ల అక్కడ ఇదంతా మామూలు మహాసముద్రంలాగే ప్రవర్తిస్తుంది. ఇండోనేషియా దీవుల సందుల్లోంచి పసిఫిక్ వేడి నీరు సెకనుకు సుమారు కోటిన్నర ఘనపు మీటర్లు ఇటు పడుతుంది. అమెజాన్ లాంటి నదులు డెబ్బై కలిపినంత. ఎంతో కొంత అటు పడమరకు పోయి, ఆఫ్రికా పక్కన అగల్హాస్ ప్రవాహంలో కలుస్తుంది. ఆ ప్రవాహం నైరుతికి దూకుతుంటే ఎదురుగా నైరుతి నుంచి తుపాను గాలి వచ్చిందా, అలలు కుదించుకుపోయి గోడల్లా నిలబడతాయి, వాటి ముందు గొయ్యి పడుతుంది. 1909లో వారాటా అనే ప్రయాణికుల ఓడ 211 మందితో ఆ తీరంలో మాయమైంది, ఆనవాలు ఇంతవరకూ దొరకలేదు. గాలి అలా తిరిగితే మేం వెంటనే 200 మీటర్ల లోతు గీతకు లోపలివైపు, ఒడ్డు దగ్గరికి జరిగేవాళ్లం. ప్రవాహం జోరు అక్కడ తగ్గుతుంది. సముద్రంలో ప్రమాదం వస్తే ఒడ్డుకు దూరంగా పోవాలని నేర్పుతారు, ఇక్కడ మాత్రం తిరగేసి చేయాలి. అన్నట్టు, ఆఫ్రికా దక్షిణ కొస గుడ్ హోప్ అగ్రం కాదు, అగల్హాస్ అగ్రం. అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల హద్దు దాని మీదుగా పోయే 20 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ తప్పు చాలామంది చేస్తారు.

ఇక మూడోది. పసిఫిక్ చుట్టూ అగాధాలు దండలా ఉంటాయి, హిందూ మహాసముద్రంలో చెప్పుకోదగ్గ అగాధం సుండా ఒక్కటే. జావా దగ్గరి భాగాన్నే జావా అగాధం అంటారు. భారత, ఆస్ట్రేలియా పలకలు అక్కడ ఇండోనేషియా కిందికి దూరుతున్నాయి. 2004 డిసెంబరు 26న దాని ఉత్తర భాగం సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,300 కిలోమీటర్ల పొడుగున ఒక్కసారిగా జారితే వచ్చిందే ఆ సునామీ. డయమంటీనా అనేది ఆస్ట్రేలియాకు నైరుతిన ఉన్న పగులు లోయ, అగాధం కోవలోకి రాదు. పాత పుస్తకాల్లో దానికి 8,047 మీటర్లు అని ఒక అంకె పడి, అదే కాపీలు అవుతూ వచ్చింది. 2019లో విక్టర్ వెస్కోవో అనే అమెరికన్ అన్వేషకుడి బృందం సోనార్‌తో రెండు చోట్లా కొలిచింది. డయమంటీనా 7,000 మీటర్లకు కాస్త పైన తేలింది, జావా అగాధం 7,190 చుట్టూ. వెస్కోవో సబ్‌మెర్సిబుల్ అనే లోతుకు దిగే చిన్న వాహనంలో జావా అగాధం అడుగు దాకా దిగి వచ్చాడు కూడా. కాబట్టి జావా అగాధమనే రాయించండి. 8,047 అంకె ఉన్న పుస్తకం కనిపిస్తే పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన 7,190 వేయండి.